వేరుశనగ గింజంత కుళ్లు

అచ్చులక్క పనికి వెళ్లాలంటే రోజూ చెల్లెలి పళ్ల కింద నుంచి దూరి వెళ్లాలి.

ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. ఆమె పనిచేసే ల్యాబు ఒక పాత మేడ మొదటి అంతస్తులో ఉంది. కింద మెట్లు మొదలయ్యే చోట, తలుపు పైన మంచమంత బోర్డు. బోర్డు నిండా చెల్లెలి నవ్వు. ముక్కూ కళ్లూ ఏమీ ఉండవు, పెదవులూ వాటి మధ్య పళ్లూ అంతే. కింద "మీ నవ్వు మా పూచీ" అని ఎర్రటి అక్షరాలు. ఎండకూ వానకూ ఆ అక్షరాలు వెలిసిపోయాయి గాని పళ్లు వెలవలేదు. వాటి మీద వాలడానికి దుమ్ము కూడా మొహమాటపడుతుందేమోనని అచ్చులక్కకు అనుమానం.

డెంటిస్టులు రోగుల నోట్లో జిగురు ముద్ద పెట్టి అచ్చు తీసి ఆ ల్యాబుకు పంపిస్తారు. ఆ అచ్చులో ప్లాస్టరు పోస్తే, గట్టిపడ్డాక రోగి పళ్లూ చిగుళ్లూ ఉన్నవి ఉన్నట్టు బల్ల మీదికి వస్తాయి. వాటిని చూసి కట్టుడు పళ్లు చేస్తారు. పళ్లు చెయ్యడం కూడా వచ్చినా, పదిహేనేళ్లుగా ఆ అచ్చులు పోస్తున్నది ఆమే కాబట్టి ల్యాబులో అందరికీ అచ్చులక్క అయింది. అందరి పళ్లూ చక్కబెట్టే ఆమె నోట్లో మాత్రం పన్ను మీద పన్ను. "పన్ను మీద పన్నుంటే అదృష్టమే పెద్దదానా" అని చిన్నప్పటినుంచీ వాళ్లమ్మ ఓదార్చేది. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చినా ఆ అదృష్టం ఇంకా దారిలోనే ఉంది. బస్సు దొరకలేదు కాబోలు.

చెల్లెలు నాలుగేళ్లు చిన్నది. దానికి పాలపళ్లు రాగానే అమ్మ మురిసిపోయి ముత్యం అని పిలవడం మొదలుపెట్టింది. అసలు పేరు బడి రిజిస్టరులోనే ఉండిపోయింది. "లక్షల్లో ఒకత్తి నా ముత్యం" అన్నది అమ్మకు ఊతపదం. ముత్యం నవ్వితే కూరగాయలామె కొసరు వేసేది, బస్సు కండక్టరు లేచి చోటిచ్చేవాడు, పంతులమ్మ హోంవర్కు సంగతే మరిచిపోయేది. అచ్చులక్క నవ్వితే "ఏమైందమ్మా?" అని అడిగేవాళ్లు.

కుళ్లంటే ఇదే. అచ్చులక్క దానికి గౌరవంగా ఉండే పేరేదీ వెతుక్కోలేదు కూడా. చెల్లెలికి జ్వరమొస్తే రాత్రంతా కూర్చునేదీ ఆమే, జ్వరం తగ్గి చెల్లెలు నవ్వితే మొహం తిప్పుకునేదీ ఆమే.

విచిత్రం ఏమిటంటే ఆమెకు ఆ ఉద్యోగం వచ్చిందే చెల్లెలి పళ్ల వల్ల. పదిహేనేళ్ల కిందట పనిలోకి తీసుకునేటప్పుడు ల్యాబు పెద్దాయన ఒకే పరీక్ష పెట్టాడు. ముప్పై రెండు పళ్లూ ఉన్న నోరు ఒకటి వెతికి, అచ్చు తీసి, పోసుకురమ్మన్నాడు. అచ్చులక్క చెల్లెల్ని కుర్చీలో కూర్చోబెట్టింది. ముద్ద గొంతులోకి జారి అది ఓకారించుకుంటుంటే వీపు నిమురుతూ అచ్చు తీసింది. పసుపు రంగు గట్టి ప్లాస్టరుతో పోసింది. ఒక్క గాలిబుడగ లేదు. అడుగున మేకుతో తేదీ చెక్కింది. పెద్దాయన ఆ అచ్చును అటూ ఇటూ తిప్పి చూసి, "పని బాగుంది" అని ఒక ముక్క అన్నాడు. ఆ తర్వాత పావుగంటసేపు పళ్ల గురించే మాట్లాడాడు. దాన్ని గాజు బీరువాలో పెట్టించి, కొత్తగా ఎవరు పనిలో చేరినా దాని ముందు నిలబెట్టి "పళ్లంటే ఇవీ" అని చూపించేవాడు. ఎవరి చేతి అచ్చు అన్నది ఎవరూ అడగలేదు.

ఆరేళ్లు ఓర్చుకుంది. ఆ తర్వాత పెద్దాయన బోర్డు మార్చాలనుకుని, ముత్యాన్ని పిలిపించి ఫొటో తీయించాడు. బోర్డు బిగించిన రోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయారు. అచ్చులక్క తన బల్ల సొరుగులో ఉండే తాళంచెవి తీసి గాజు బీరువా తెరిచింది. చెంచాడు తెల్ల ప్లాస్టరు కలిపి, కింది దవడకు కుడివైపు చివర, జ్ఞానదంతం పక్కన, బయటివైపు పెట్టింది. వేరుశనగ గింజంత. దవడ గడ్డలు ఎక్కువగా అక్కడే వస్తాయని ఆమెకు తెలుసు. అలాంటి నోళ్ల అచ్చులు నాలుగైదు పోసిన చెయ్యి అది. ఆరాక గరుకు కాగితంతో రుద్ది, అతుకు కనబడకుండా చేసి, గ్లాసులో మిగిలిన టీ పూసింది. తెలుపు పసుపులో కలిసిపోయింది. పనిమంతురాలు కదా, కుళ్లులో కూడా పని చెడగొట్టుకోలేదు.

ఎప్పుడో ఒకనాడు పెద్దాయన ఆ అచ్చును చేతిలోకి తీసుకుని "అరె, ఇక్కడేదో ఉబ్బుందే, ఇదేం పళ్లు" అంటాడని ఆమె ఆశ. పెద్దాయన బీరువా తెరిస్తేగా! అద్దం బయటి నుంచి వేలు చూపించి "పళ్లంటే ఇవీ" అనడమే. కొన్నాళ్లు ఎదురుచూసింది, కొన్నాళ్లు సిగ్గుపడింది, తర్వాత మరిచిపోయింది. తొమ్మిదేళ్లు గడిచిపోయాయి.

ముత్యం ముఖం మారిందని మొదట కనిపెట్టింది అచ్చులక్కే. ఐదు నెలల కిందట అమ్మ ఇంట్లో అందరూ కలిసినప్పుడు ఆ ముఖం ఎప్పటిలాగే ఉంది. వంక దొరుకుతుందేమోనని ఎప్పటిలాగే వెతికింది, దొరకలేదు. రెండు నెలల కిందట మళ్లీ చూసినప్పుడు కుడి బుగ్గ కింద గీత కొంచెం పక్కకు జరిగింది. కట్టుకున్న మొగుడికి కనబడలేదు, కన్నతల్లికి కనబడలేదు. ఆమెకు మాత్రం గుమ్మంలోనే కనబడింది. ఆ క్షణాన అచ్చులక్కకు కలిగింది సంతోషం. తిలాపాపం తలా పిడికెడు అనుకోవడానికి కూడా పక్కన ఎవరూ లేరు, ఆ పాపమంతా ఆమె ఒక్కదానిదే. "ఒళ్లు చేశావే ముత్యం, బుగ్గలొచ్చాయి" అని మాత్రం అంది.

ఆ తర్వాత కుడివైపు దంతం కదిలింది. డెంటిస్టు జ్ఞానదంతం వాపని మాత్రలిచ్చాడు. వాపు మాత్రల్ని లెక్కచేయలేదు. చివరికి పెద్దాసుపత్రిలో దవడ ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. స్కాను తీశారు, గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం చెప్పే రోజున ముత్యం, దాని మొగుడు, అమ్మ, అచ్చులక్క నలుగురూ డాక్టరమ్మ గదిలో ఇరుక్కుని కూర్చున్నారు. ముత్యానికి ఇంతకుముందెప్పుడూ పంటి ఎక్స్‌రే కూడా తీయలేదు. అంత మంచి పళ్లకు ఎక్స్‌రే ఎవరు తీస్తారు?

"పన్ను తయారయ్యేటప్పుడు దాని చుట్టూ పనిచేసే కణాలు కొన్ని ఉంటాయమ్మా" అని మొదలుపెట్టింది డాక్టరమ్మ. "పళ్లన్నీ వచ్చేశాక వాటికి పనుండదు. ఎప్పుడో ఎవరికో ఆ కణాలు కొన్ని మళ్లీ పని మొదలుపెడతాయి. పన్ను చెయ్యలేవు, గడ్డ చేస్తాయి. మీకు వచ్చింది అదే."

"క్యాన్సరా అండీ?" అంది అమ్మ, ఆ మాట నోటికి తగలకుండా.

"చాలామందికి కాదు. ఏళ్ల తరబడి నెమ్మదిగా ఎముకను తింటూ కూర్చుంటుంది, అంతే. లక్షల్లో ఒకరికి మాత్రం అదే గడ్డ క్యాన్సరుగా వస్తుంది. అది ఆగదు, మెడకీ ఊపిరితిత్తులకీ పాకుతుంది. ముక్క పరీక్షలో నెమ్మదిదనే వచ్చింది. కానీ తీసింది చిన్న ముక్క. స్కానులో ఎముకకి ఒకచోట చిల్లు కనబడుతోంది. నెమ్మదిది పదేళ్లుంటే చిల్లు పెడుతుంది, చెడ్డది నాలుగు నెలల్లో పెడుతుంది. ఇది ఎన్నాళ్ల నుంచి ఉందో తెలిస్తే నాకు సగం తేలిపోతుంది."

"పాత ఫొటోలున్నాయండీ ఫోన్లో" అన్నాడు మరిది.

"ఫొటోలో తెలీదండీ. చిన్నగా ఉన్నప్పుడు బుగ్గ కప్పేస్తుంది. నోటి లోపలిది కావాలి."

ముత్యం ఎగిరి గంతేసినంత పని చేసింది. "మా అక్క ల్యాబులో నా పళ్ల అచ్చుందండీ! పదిహేనేళ్ల కిందటిది! గాజు బీరువాలో!"

అచ్చులక్క గబుక్కున అందుకుంది. "అదా... పాతదండీ, అరిగిపోయి ఉంటుంది" అంది.

"గాజు బీరువాలో ఉన్నది ఎలా అరుగుతుందమ్మా?"

"అయితే నేను వెళ్లి తెస్తానండీ."

"మీరు కూర్చోండి వదినా, బండి మీద పది నిమిషాల పని" అని మరిది అప్పటికే తలుపు దాటాడు.

ఆ పది నిమిషాలు అరగంట అయ్యాయి. అచ్చులక్క తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. మంట ఉంది, అరవడానికి లేదు. ఇంతలో మరిదితోపాటు ల్యాబు పెద్దాయన కూడా దిగాడు, అచ్చును తువ్వాల్లో చుట్టి పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు రెండు చేతులా పట్టుకుని.

డాక్టరమ్మ అడుగున తేదీ చదివింది. అచ్చును తిప్పి, బొటనవేలితో కింది దవడ బయటివైపు మెల్లగా నిమిరింది. వేలు కుడివైపు చివరకు వెళ్లి ఆగింది. మళ్లీ వెనక్కి వచ్చి, మళ్లీ అక్కడే ఆగింది.

"ఇదిగో" అంది. ఆమె మొహం విప్పారింది. "చూడండి, పదిహేనేళ్ల కిందటే ఇక్కడ ఉబ్బుంది. ఇప్పుడు గడ్డున్న చోటే. అంటే ఎంత నెమ్మదిదో చూడండి! ముక్క పరీక్షకీ దీనికీ సరిపోయింది. దవడ కొయ్యక్కర్లేదు, లోపలిది గీకి శుభ్రం చేస్తే చాలు. తొందర కూడా లేదు, వచ్చే నెలాఖర్లో పెట్టుకుందాం."

అమ్మ ఏడ్చేసింది. మరిది గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ముత్యం లేచి అక్కను వాటేసుకుంది. "నా దవడని నువ్వే కాపాడావే! ఆ రోజు నా గొంతులో ముద్ద కుక్కుతుంటే ఎంత తిట్టుకున్నానో!"

"నా పెద్దది వజ్రం" అంది అమ్మ, డాక్టరమ్మతోనూ పెద్దాయనతోనూ, తలుపు దగ్గర నిలబడ్డ నర్సుతోనూ. "చిన్నది ముత్యమైతే, నా పెద్దది వజ్రమండీ."

ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ మాట కోసమే ఎదురుచూసింది అచ్చులక్క. ఇప్పుడు వచ్చింది. ముత్యం కంటే వజ్రం ఒక మెట్టు పైనే కదా అని లెక్క కూడా వేసుకుంది, దేవుడు క్షమించుగాక. నోరు తెరవలేదు.

మర్నాడంతా అమ్మ ఫోన్లోనే ఉంది. చుట్టాల్లో ఎవరికీ చెప్పకుండా వదల్లేదు. "మా పెద్దది పదిహేనేళ్ల కిందట పోసిన అచ్చే దిక్కయింది" అని చెప్పిన ప్రతిసారీ పక్కనున్న అచ్చులక్క వీపు తట్టింది. ల్యాబులో పెద్దాయన మొదటిసారి ఆమె పని గురించి నలుగురిలో మాట్లాడాడు. "పళ్లు సరే, అచ్చు పోసిన చెయ్యి చూడండి" అన్నాడు. ఆ పొగడ్త తేనెలా దిగింది, దిగిన చోట సున్నమై పొక్కింది.

ఏమో, గడ్డ నెమ్మదిదేనేమో. ముక్క పరీక్ష కూడా అదే చెప్పిందిగా. నేను పెట్టిన గింజ వల్ల పోయేదేముంది? ఇలా తనకు తానే సర్దిచెప్పుకుంటూ రెండు రోజులు గడిపింది. ఆ వెనకే ఇంకో మాట కూడా వచ్చేది. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు, ముప్పై నాలుగేళ్లు ఈ కళ్లతో చూశాను, పగిలింది చెల్లెలి దవడ. పెట్టిన చోటే వచ్చింది కదా.

మూడో రోజు పొద్దున ముత్యం ల్యాబుకు వచ్చింది. ఆపరేషనప్పుడు పళ్లు కదలకుండా పట్టే తొడుగు చెయ్యాలి, దానికి కొత్త అచ్చు కావాలి. అచ్చులక్క ముద్ద కలిపి, ట్రేలో నింపి, చెల్లెలి నోట్లో పెట్టింది. నిమిషం ఆగి తీసింది. పుక్కిలించమని నీళ్లిచ్చింది. ముత్యం పుక్కిలించి ఉమ్మి, కబుర్లు మొదలుపెట్టింది. కింది పెదవి కుడి మూల నుంచి నీళ్లు కారి గడ్డం మీదుగా మెడ మీద పడుతున్నాయి. అది తుడుచుకోలేదు.

"నీళ్లు కారుతున్నాయే."

"ఎక్కడ?" అని ముత్యం ఎడమవైపు తుడుచుకుంది.

అచ్చులక్క తన చేత్తో కుడివైపు తుడిచింది. "ఇక్కడ. తెలీడంలేదా?"

ముత్యం గొంతు తగ్గించింది. "పది రోజులైంది. పెదవి అక్కడ నాది కానట్టుంటుంది. డాక్టరమ్మ అడిగితే ఏం లేదన్నాను. చెప్తే దవడ కోసేస్తుందేమోనని. నువ్వూ చెప్పకక్కా, నీకు దణ్ణం పెడతా. నీ అచ్చు పుణ్యమాని గండం గడిచింది, మళ్లీ తిరగదోడకు."

నోట్లో నువ్వుగింజ నానని పిల్ల పది రోజులు ఈ సంగతి దాచింది. అంటే ఎంత భయపడి ఉండాలి!

చెల్లెలు వెళ్లాక అచ్చు పోసి, ఆరేదాకా కదలకుండా కూర్చుంది. ముద్ద ఊడదీసింది. కింది దవడ కుడివైపు నిమ్మచెక్కంత ఉబ్బు. మూడు పళ్లు లోపలికి ఒరిగిపోయాయి. పాత అచ్చు ఆసుపత్రిలోనే ఉంది గాని ఆమెకు దానితో పనిలేదు. ఆ పళ్లు ఏది ఎంత ఎత్తో, ఏది ఏ వైపు తిరిగి ఉంటుందో కళ్లు మూసుకున్నా చెప్పగలదు. ఐదు నెలల కిందట అమ్మ ఇంట్లో ఆ నోరు తెరుచుకుని పకపకా నవ్వింది. వంక వెతుకుతూ ఆమె చూసింది, ఒక్క పన్ను ఒరిగి లేదు. ఉబ్బు లేదు. ఇదంతా ఐదు నెలల్లో వచ్చింది. ఈ సంగతి భూమ్మీద ఆమె ఒక్కదానికే తెలుసు, ఎందుకంటే అంత ఓర్వలేక చూసిన కళ్లు ఇంకెవరికీ లేవు.

చెప్తే అమ్మ వజ్రాన్ని మళ్లీ గులకరాయి చేస్తుంది. పెద్దాయన పనిలోంచి తీసేస్తాడేమో. చెల్లెలు జన్మలో మొహం చూడకపోవచ్చు. చెప్పకపోతే వచ్చే నెలాఖరు దాకా ఆ గడ్డ ఖాళీగా కూర్చోదు. అచ్చులక్క కొత్త అచ్చునూ ప్లాస్టరు గీకే కత్తినీ సంచిలో వేసుకుని లేచింది. మెట్లు దిగి, తలెత్తకుండా ఆ నవ్వు కింద నుంచి బయటికి వచ్చింది.

అప్పటికే ముత్యం రక్తపరీక్షల కోసం అమ్మతో ఆసుపత్రికి చేరింది. అచ్చులక్క ఇద్దరినీ వెంటబెట్టుకుని డాక్టరమ్మ గదిలోకి దూసుకెళ్లింది. "ఆ పాత అచ్చు ఒకసారి ఇవ్వండి" అంది. డాక్టరమ్మ బల్ల మీంచి తీసి ఇచ్చింది. అచ్చులక్క కూర్చోలేదు. కత్తి తీసి, కుడివైపు ఉబ్బు మీద ఆనించి గీకింది.

"ఏం చేస్తున్నావమ్మా!" అని డాక్టరమ్మ లేచింది.

పైన టీ రంగు పొర రాలింది. కింద తెల్లగా పొడి రాలింది. అచ్చంతా పసుపు, ఆ గింజ ఒక్కటే తెలుపు. ఇంకో రెండు గీతలకు గింజ మొత్తం ఊడి బల్ల మీద పడింది. దాని కింద పసుపు రంగు దవడ నున్నగా, ఏ ఉబ్బూ లేకుండా బయటపడింది.

"ఇది నా చెల్లెలిది కాదండీ. నేను పెట్టింది. తొమ్మిదేళ్ల కిందట, దాని పళ్లు చూడలేక. పదిహేనేళ్ల కిందట అక్కడేమీ లేదు. ఐదు నెలల కిందట కూడా లేదు. నేను చూశాను." సంచిలోంచి కొత్త అచ్చు తీసి పక్కన పెట్టింది. "ఇది ఇవాళ్టిది. ఇంకోటి, దానికి కుడి పెదవి తిమ్మిరెక్కి పది రోజులైంది. మీకు చెప్పలేదు."

డాక్టరమ్మ రెండు అచ్చుల్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. ఆ తర్వాత ఆమె మొహం ఎర్రబడింది.

"మొన్న ఇక్కడే కూర్చున్నావుగా. అప్పుడెందుకు చెప్పలేదు?"

"మొన్న మొదటిసారి నన్ను మెచ్చుకున్నారండీ" అంది అచ్చులక్క.

డాక్టరమ్మ ఫోన్ తీసి, మర్నాడు పొద్దున్నే ఆపరేషన్ గది కావాలని చెప్పింది. ఈసారి పైపైన కాదు, లోతుగా మూడు చోట్ల ముక్కలు తీస్తానంది. అమ్మ పెద్దకూతురి వైపు చూసిన చూపులో వజ్రం లేదు, గులకరాయి కూడా లేదు. తెలియని మనిషిని చూసినట్టు చూసింది. ముత్యం మాత్రం బల్ల మీది ఆ తెల్ల గింజను రెండు వేళ్లతో తీసుకుని, గుప్పిట్లో పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

వారానికి రిపోర్టు వచ్చింది. అమిలోబ్లాస్టిక్ కార్సినోమా. పన్ను పుట్టించాల్సిన కణాల్లోనే పుట్టిన క్యాన్సరు. పైన తీసిన ముక్కలో నెమ్మదిగానే కనబడి, లోపల మాత్రం కొంపలు ముంచుతోంది. మెడలోకి ఇంకా దిగలేదు. నెలాఖరు దాకా ఆగి ఉంటే దిగేదని డాక్టరమ్మ ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది. కుడివైపు దవడ తీసేసి, మోకాలి కింది సన్నెముకతో కొత్తది కట్టాలంది.

"లక్షల్లో ఒకరికి వస్తుందన్నారుగా" అందట ముత్యం. "మా అమ్మ ఎప్పుడో చెప్పింది, లక్షల్లో ఒకత్తినని." ఈ మాట మరిది వచ్చి చెబితే తెలిసింది. ముత్యం అక్కతో మాట్లాడటం మానేసింది. అమ్మ ఫోన్ చేస్తే "తిన్నావా" అని అడిగి పెట్టేస్తోంది. పెద్దాయన పనిలోంచి తీసెయ్యలేదు గాని, ఆమె బల్ల ముందు నుంచి వెళ్లేటప్పుడు నడక వేగం పెంచుతున్నాడు. ఎనిమిది రోజులు అచ్చులక్క ఇతరుల పళ్లు పోసింది, ఇంటికి వెళ్లింది, ఏడ్చింది.

ఆపరేషన్ ముందురోజు మధ్యాహ్నం కబురొచ్చింది. ముత్యం మంచం మీద మఠం వేసుకుని కూర్చుంది. గదిలో ఇంకెవరూ లేరు. కుడి బుగ్గ పొంగి కన్ను కూడా కొంచెం చిన్నదైంది.

"అంత కుళ్లా నా మీద?" అని అడిగింది.

"ఊఁ."

"ఎంత?"

అచ్చులక్క చిటికెనవేలు కొన చూపించింది. "వేరుశనగ గింజంత."

ముత్యం గుప్పిట తెరిచింది. ఆ గింజ దాని దగ్గరే ఉంది. "నిన్నటిదాకా దీన్ని నీ మొహాన కొట్టాలనే దాచాను. అబద్ధమాడకు. ఇంతేనా?"

"పెట్టింది అంతే. మిగతాది కడుపులోనే ఉంది."

ముత్యం నవ్వబోయి నొప్పితో దవడ పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, నొప్పికో దేనికో. "నిన్ను క్షమించానని అనుకోకు. ఇంకా మండుతోంది. కానీ ఇవన్నీ నయమయ్యాక నా పళ్లు నువ్వే చెయ్యాలి."

"పెద్దాయన చేత చేయిస్తానే. నాకంటే..."

"పెద్దాయన బోర్డు చూశాడు. అమ్మ నవ్వు చూసింది. మా ఆయనకి నాకెన్ని పళ్లున్నాయో కూడా తెలీదు. ఒక్కో పన్నునీ నీ అంత కుళ్లుగా చూసినవాళ్లు ఇంకెవరున్నారే నాకు?"

అచ్చులక్క మంచం అంచున కూర్చుంది. ముత్యం దూరం జరగలేదు, దగ్గరికీ రాలేదు.

ఆపరేషన్ పదకొండు గంటలు పట్టింది. ఆ తర్వాత ఆరు వారాలు రేడియేషన్ కరెంటు పెట్టారు. ముత్యం నెలల తరబడి గొట్టంతో తాగింది, పలక మీద రాసి పోట్లాడింది, కర్ర పట్టుకుని నడక నేర్చుకుంది. ఏడాది తిరిగి రెండు స్కానుల్లో ఏమీ లేదని తేలాక, కొత్త దవడలో పళ్లకు పునాదులు వేశారు. ఎముక వాటిని పట్టుకునేదాకా మరో నాలుగు నెలలు ఆగారు. అప్పుడు అచ్చులక్క పనిలో దిగింది. ఎనిమిది పళ్లు. మూడు వారాలు చేసింది. నచ్చక నాలుగుసార్లు పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టింది. ఆ పళ్ల అంచుల్లో ఎక్కడ ఎంత నీలం మెరుస్తుందో, రెండో దంతం వెంట్రుకవాసి ఎలా ఒరిగి ఉంటుందో ఆమెకు కంఠతా వచ్చు. చేస్తున్నంతసేపూ చేతులు చెల్లెలివైపే ఉన్నాయి. కడుపు సంగతి వేరు.

పళ్లు బిగించిన రోజున ముత్యం అద్దంలో చూసుకుని నవ్వింది. కుడి మూల ఎడమదాని కంటే ఒక క్షణం ఆలస్యంగా లేస్తోంది. ఆ ఆలస్యంతో ఆ నవ్వు ఇంకా బాగుంది, ఏదో చెప్పబోయి ఊరిస్తున్నట్టు. డాక్టరమ్మ చూస్తూ నిలబడిపోయింది. నర్సులు పక్క గది వాళ్లను కూడా పిలుచుకొచ్చారు. "లక్షల్లో ఒకత్తి నా..." అని అమ్మ మొదలుపెట్టి, పెద్దకూతుర్ని చూసి, ఈసారి ఆమె భుజం పట్టుకుని దగ్గరికి లాక్కుని, వాక్యం పూర్తిచెయ్యకుండా వదిలేసింది. మూల నిలబడ్డ అచ్చులక్కకు గుండెల కింద ఆ పాత మంట భగ్గున లేచింది. ఎన్ని నెలలైందో దాన్ని చూసి. చెల్లెలు బతికింది కాబట్టే మళ్లీ కుళ్లుకోగలుగుతున్నానని తెలిసి, ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు.

పెద్దాయన కొత్త పళ్ల అచ్చు కావాలని పట్టుబట్టాడు. అచ్చులక్క పోసింది. పసుపు ప్లాస్టరు, ఒక్క బుడగ లేదు. అడుగున తేదీ చెక్కింది. ఖాళీగా ఉన్న గాజు బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి తీసుకెళ్లి పెద్దాయన బల్ల మీద పెట్టింది.

"ఇది నీ సొరుగులోదేగా" అన్నాడాయన. "నాకెందుకు?"

"మీ దగ్గరే ఉంచండి" అంది అచ్చులక్క. "పళ్లు మరీ బాగా వచ్చాయండీ."